అల్ట్రాసౌండ్ టోమోగ్రఫీ డేటాను కొత్తవాళ్లకు పనికొచ్చేలా పంచుకోవడం ఎలా: అడుగడుగునా ఏం చేయాలి

కొన్నేళ్ల కిందట ఒక పరిశోధక బృందం అందరికీ అందుబాటులో పెట్టిన అల్ట్రాసౌండ్ టోమోగ్రఫీ (చుట్టూ అన్ని వైపుల నుంచీ ధ్వని పంపి లోపలి బొమ్మ వేసే పద్ధతి) డేటాను దించుకుని, దాని మీద సిగ్నళ్ల నుంచి బొమ్మ వేసే మా రీకన్‌స్ట్రక్షన్ కోడ్ నడిపాను. నీళ్లలో ఉంచిన మామూలు ఫాంటమ్ (శరీర భాగానికి బదులు స్కాన్ చేసే నమూనా వస్తువు) అది. బొమ్మ రావాల్సిన చోట వంకర టింకర వలయాలు తప్ప ఏమీ రాలేదు. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని మూడు వారాలు వెతికాను. చివరికి తేలిందేమిటంటే, రింగ్‌లోని ట్రాన్స్‌డ్యూసర్లకు (ధ్వని పంపే, వినే పరికరాలకు) ధ్వని పంపేటప్పుడు సవ్యదిశలో, వినేటప్పుడు అపసవ్యదిశలో నంబర్లు వేశారు. ఆ ముక్క ఎక్కడా రాసి లేదు. వాళ్ల ల్యాబ్‌లో అందరికీ తెలిసిన విషయం కాబట్టి రాయాలని ఎవరికీ తోచలేదు.

వాళ్ల మీద నాకు కోపం లేదు, డేటా బయట పెట్టినందుకు ఇప్పటికీ కృతజ్ఞతే ఉంది. అయితే ఆ మూడు వారాల తర్వాత నేను ఒక కొలత పెట్టుకున్నాను: ఎప్పుడూ చూడని మనిషి మీకు ఒక్క మెయిల్ కూడా పెట్టకుండా, మీ డేటా తీసుకుని మీరు వేసిన బొమ్మనే తిరిగి వేయగలగాలి. అలా వేయగలిగితేనే మీరు డేటా పంచుకున్నట్టు. లేకపోతే ఫైళ్లు అప్‌లోడ్ చేశారంతే. కింద రాసిందంతా ఆ కొలతకు అందడానికి ఏ పని ఏ వరుసలో చేయాలన్నదే.

ఈ రంగంలో ఇది ఎందుకంత ముఖ్యం

ఈ పద్ధతిలో శరీర భాగాన్ని, ఎక్కువగా రొమ్మును, నీళ్లలో ఉంచి చుట్టూ ట్రాన్స్‌డ్యూసర్లు అమరుస్తారు. ఒక్కొక్కటీ వంతులవారీగా ధ్వని పంపుతుంది, మిగతావన్నీ వింటాయి. ఆ సిగ్నళ్ల నుంచి కణజాలంలో ధ్వని వేగం ఎంత, ధ్వని ఎంత తగ్గిపోతోంది, ఎక్కడ తిరిగి వస్తోంది అని మూడు రకాల బొమ్మలు వేస్తారు. 1970ల్లో మేయో క్లినిక్‌లో జేమ్స్ గ్రీన్‌లీఫ్ బృందం మొదలుపెట్టిన ఆలోచన ఇది. లెక్కలు చేసే కంప్యూటర్లు దానికి తగ్గట్టు పెరగడానికి దశాబ్దాలు పట్టింది. డెట్రాయిట్‌లోని కార్మనోస్ క్యాన్సర్ సంస్థలో పుట్టిన సాఫ్ట్‌వ్యూ యంత్రానికి, కణజాలం దట్టంగా ఉన్న రొమ్ములకు మామోగ్రఫీతో పాటు వాడడానికి, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2021లో.

ఎంఆర్‌ఐ యంత్రాలు ప్రపంచమంతా ఉన్నాయి, ఇవి మాత్రం చాలా తక్కువ చోట్లే ఉన్నాయి. పైగా చాలావరకు ఎవరి యంత్రం వాళ్లే కట్టుకున్నారు కాబట్టి ఒకదాని డేటా ఇంకోదాని డేటాలా ఉండదు. జర్మనీలో కార్ల్స్‌రూహే సాంకేతిక సంస్థ (అందరూ కేఐటీ అంటారు) కట్టిన రెండో తరం త్రీడీ యంత్రంలో ధ్వని పంపేవి 628, వినేవి 1413, అవన్నీ ఒక గిన్నె లోపలి గోడల మీద ఉంటాయి. ఇంకొకరిది చదునైన రింగ్. మంచి గణితం తెలిసి, యంత్రం లేని విద్యార్థికి ఇంకొకరు పంచిన డేటా తప్ప వేరే దారి లేదు. 2017లో కేఐటీ, మాడ్రిడ్ బృందాలు తమ డేటా ఇచ్చి ఎస్‌పీఐఈ మెడికల్ ఇమేజింగ్ సదస్సులో డేటా ఛాలెంజ్ (ఒకే డేటా మీద ఎవరి పద్ధతి వాళ్లు పరీక్షించుకునే పోటీ) నడిపాయి. అదే ఏడాది జర్మనీలోని స్పేయర్‌లో ఈ రంగానికంటూ మొదటి అంతర్జాతీయ వర్క్‌షాప్ జరిగింది. ఒకరి పద్ధతిని ఇంకొకరి డేటా మీద పరీక్షించడం ఈ రంగంలో అందరి అవసరం అయిందనడానికి ఆ రెండూ నాకు గుర్తులు.

మొదటి అడుగు: ఏ స్థాయి డేటా ఇస్తున్నారో తేల్చుకోండి

యంత్రం నుంచి నేరుగా వచ్చిన రా సిగ్నళ్లు ఒక స్థాయి. వాటిని శుభ్రం చేసి, ఫిల్టర్ చేసినవి ఇంకో స్థాయి. ఆ తర్వాత పంపేదీ వినేదీ కలిసిన ప్రతి జతకీ లెక్కగట్టిన ధ్వని ప్రయాణ కాలాల పట్టిక, చివరగా బొమ్మలు. వీటితో పాటు కంప్యూటర్‌లో పుట్టించిన సిమ్యులేషన్ డేటా వేరే దారి. కొందరు బొమ్మలు మాత్రమే ఇచ్చి డేటా ఇచ్చామంటారు. ఈ రంగంలో దాంతో కొత్త పద్ధతి ఏదీ పరీక్షించలేం, ఎందుకంటే కొత్త పద్ధతులన్నీ రా సిగ్నళ్ల దగ్గరే మొదలవుతాయి. నా సలహా సూటిగా చెప్తాను: రా సిగ్నళ్లు ఇవ్వండి, వాటితో మీరు వేసిన ఒక బొమ్మ కూడా ఇవ్వండి. మధ్యవి వీలైతేనే.

సైజు చూసి భయపడకండి, ముందు లెక్క వేయండి. 256 ట్రాన్స్‌డ్యూసర్ల రింగ్‌లో ప్రతిదీ పంపి ప్రతిదీ విని, ఒక్కో సిగ్నల్‌లో 4000 శాంపిళ్లు (కొలత అంకెలు), ఒక్కో శాంపిల్‌కు 2 బైట్లు అనుకుంటే ఒక స్లైస్ (ఒక అడ్డకోత బొమ్మకు కావలసిన డేటా) దాదాపు 524 ఎంబీ. 40 స్లైసులు తీస్తే 21 జీబీ. ఇది మోయలేని సైజేమీ కాదు. త్రీడీ యంత్రాల డేటా ఇంకా పెద్దది, అప్పుడు అన్ని స్కాన్‌లూ ఇవ్వకుండా బాగా ఎంచిన మూడు నాలుగు ఇచ్చినా చాలు.

మొదటిసారి పంచుకునేవాళ్లు ఫాంటమ్ డేటాతో మొదలుపెట్టండి. రోగుల డేటాకు ఎథిక్స్ అనుమతులు, ఒప్పందాలు తేలడానికి నెలలు పడుతుంది, ఫాంటమ్‌కు అవేవీ అక్కర్లేదు. పైగా ఫాంటమ్‌లో అసలు సమాధానం తెలుసు, ఏ గోళం ఎంత వ్యాసం, ఏ పదార్థం, దానిలో ధ్వని వేగం ఎంత అని. పద్ధతులను పోల్చడానికి రోగి స్కాన్ కన్నా అదే నమ్మకమైనది.

రెండో అడుగు: రోగుల డేటా అయితే అంగీకారం స్కాన్‌కు ముందే

ఇక్కడ చాలామంది ఆలస్యం చేస్తారు. అధ్యయనం అంతా అయిపోయాక, పేపర్ పంపే వారంలో, డేటా బయట పెడదామా అని అడుగుతారు. అప్పటికి అంగీకార పత్రంలో "ఈ అధ్యయనానికి మాత్రమే" అని ఉంటుంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. కాబట్టి ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాసే రోజే, గుర్తింపులు తీసేసిన డేటాను ఇతర సంస్థల పరిశోధకులతో, ఇతర దేశాల వాళ్లతో, కంపెనీల వాళ్లతో కూడా పంచుకుంటామని పత్రంలో విడిగా ఒక ప్రశ్న పెట్టండి. విడిగా అని ఎందుకంటున్నానంటే, పంచుకోవడానికి ఒప్పుకోని మనిషి కూడా స్కాన్‌కు ఒప్పుకోవచ్చు, ఆ రెండు నిర్ణయాలనూ ముడిపెట్టే హక్కు మనకు లేదు. ఒకసారి బయటికి వెళ్లిన డేటాను పూర్తిగా వెనక్కి తీసుకోలేమన్న మాట కూడా తేలిక భాషలో వాళ్లకు చెప్పాలి.

మూడో అడుగు: స్కాన్ రోజే రాసుకోవాల్సినవి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మిగతావన్నీ తర్వాత సరిచేసుకోవచ్చు. ఆ రోజు రాసుకోనిది మాత్రం మళ్లీ దొరకదు.

అన్నిటికన్నా ముందు నీటి ఉష్ణోగ్రత. నీళ్లలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 1482 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర సుమారు 1509 మీటర్లు, సెకనుకు. అంటే ఒక డిగ్రీకి దాదాపు రెండున్నర మీటర్ల తేడా. వినడానికి చిన్నదే. ఇప్పుడు 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రింగ్ తీసుకోండి. అటు నుంచి ఇటు రావడానికి ధ్వనికి సుమారు 132 మైక్రోసెకన్లు పడుతుంది, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తప్పుగా అనుకుంటే ఆ కాలం దాదాపు 0.22 మైక్రోసెకన్లు జరిగిపోతుంది. మీ ధ్వని పౌనఃపున్యం 2.5 మెగాహెర్ట్జ్ అయితే ఒక తరంగం కాలం 0.4 మైక్రోసెకన్లు. చూశారా, సగం తరంగం కన్నా ఎక్కువ జరిగిపోయింది. ఫుల్ వేవ్‌ఫార్మ్ ఇన్వర్షన్ (సిమ్యులేషన్ తరంగం అసలు తరంగంతో సరిపోయేదాకా బొమ్మను సరిచేసుకుంటూ పోయే పద్ధతి) చేసేవాళ్లకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది: సిమ్యులేషన్ తరంగం అసలు తరంగంలోని పక్క శిఖరాన్ని పట్టుకుంటుంది, దీన్నే సైకిల్ స్కిప్పింగ్ అంటారు, ఇక లెక్క తప్పు దారిలో ఎంత దూరమైనా పోతుంది. కొవ్వుకు, గ్రంథి కణజాలానికి మధ్య ధ్వని వేగంలో తేడా కొన్ని పదుల మీటర్లే కాబట్టి నేపథ్యంలో వచ్చే ఈ చిన్న తప్పు బొమ్మలో బాగా కనిపిస్తుంది. అందుకే "గది ఉష్ణోగ్రత" అని రాయకండి. స్కాన్ మొదట్లో, చివర్లో, వీలైతే ప్రతి స్లైస్‌కూ, సెన్సర్ చెప్పిన అంకె, ఆ సెన్సర్ తొట్టిలో ఎక్కడ ఉందో, దాని కచ్చితత్వం ఎంతో రాయండి.

రెండోది ట్రాన్స్‌డ్యూసర్ల స్థానాలు. "ఇన్ని మిల్లీమీటర్ల వ్యాసార్థం, సమాన దూరం" అన్న డ్రాయింగ్ అంకెలు సరిపోవు. 0.3 మిల్లీమీటర్ల తప్పు 0.2 మైక్రోసెకన్ల తప్పు, అంటే మనం ఇప్పుడు చూసిన ఒక డిగ్రీ ఉష్ణోగ్రత తప్పుతో ఇంచుమించు సమానం. క్యాలిబ్రేట్ చేశాక (కొలిచి సరిచేశాక) వచ్చిన అసలు స్థానాలను పట్టికగా ఇవ్వండి, డ్రాయింగ్ స్థానాలు కూడా ఇవ్వండి, ఏది ఏదో స్పష్టంగా రాయండి. అక్షాలు ఎటు పోతున్నాయో, సున్నా ఎక్కడుందో, ఒకటో నంబర్ ట్రాన్స్‌డ్యూసర్ ఏదో ఒక బొమ్మ గీసి పెట్టండి. చేతితో గీసి ఫోటో తీసినా సరే. నా మూడు వారాలు పోయింది సరిగ్గా ఈ బొమ్మ లేకే.

మూడోది ఖాళీ నీటి స్కాన్. లోపల ఏమీ పెట్టకుండా అవే సెట్టింగులతో తీసిన స్కాన్ అదే రోజుది ఒకటి తప్పకుండా ఉండాలి. ఎలక్ట్రానిక్స్‌లో ఆలస్యం, ఒక్కో ట్రాన్స్‌డ్యూసర్ స్వభావం, స్థానాల తప్పులు అన్నీ దాన్నుంచే తెలుస్తాయి. ఎన్నో మంచి డేటాసెట్లలో ఇది లేక, వాటిని సగమే వాడుకోగలిగాను.

ఇక మిగిలినవి ఒకే ఊపున చెప్తాను: పంపిన ధ్వని సిగ్నల్ ఫైలుగా (పౌనఃపున్యం మారుతూ పోయే చిర్ప్ లాంటి కోడ్ చేసిన సిగ్నల్ అయితే ఇది లేకుండా డేటా తెరవలేని తాళమే), శాంప్లింగ్ వేగం, రికార్డింగ్ మొదలైన క్షణానికి ధ్వని పంపిన క్షణానికి మధ్య తేడా, గెయిన్ (సిగ్నల్‌ను పెంచిన మోతాదు) ఎంత, అది కాలంతో పాటు మారుతోందా, ఏ ఫిల్టర్లు హార్డ్‌వేర్‌లోనే పడ్డాయి, ఎన్నిసార్లు తీసి సగటు చేశారు, ఏయే ఛానెళ్లు పనిచేయడం లేదు. చెడిపోయిన ఛానెళ్లను సిగ్గుపడి దాచకండి, ప్రతి యంత్రంలోనూ ఉంటాయి. సున్నాలతో నింపేసి ఊరుకుంటే మాత్రం అవతలివాళ్ల లెక్క వాటిని నిజమైన కొలతలనే అనుకుంటుంది.

నాలుగో అడుగు: ఫైలు రూపం

మీ ల్యాబ్ సొంత బైనరీ ఫార్మాట్‌లో వదిలేయకండి. నా ఎంపిక హెచ్‌డీఎఫ్5 అనే, ఎవరైనా వాడగల ఫైలు ఫార్మాట్. డేటా, దాని వివరాలు ఒకే ఫైలులో ఉంటాయి, పైథాన్, మ్యాట్‌ల్యాబ్, జూలియా, సీ++ అన్నీ చదువుతాయి, మొత్తం ఫైలు మెమరీలోకి ఎక్కించకుండా కావలసిన ముక్క మాత్రమే తీసుకోవచ్చు. మామూలు అల్ట్రాసౌండ్ పరిశోధకులు 2018లో ప్రతిపాదించిన అల్ట్రాసౌండ్ ఫైల్ ఫార్మాట్ దీని మీదే కట్టింది. కాంతి పంపి ధ్వని వినే ఫోటోఅకౌస్టిక్ రంగంలో ఐపీఏఎస్‌సీ అనే ఉమ్మడి బృందం చేసిన ఫార్మాట్ కూడా దీని మీదే. పొరుగువాళ్లు వేసిన దారి కాబట్టి ఫీల్డ్ పేర్లు సొంతంగా కనిపెట్టే ముందు వాళ్లవి చూడండి. ఆసుపత్రుల్లో వాడే డైకామ్ ఫార్మాట్ చివరి బొమ్మలకు బాగుంటుంది, రా సిగ్నళ్లకు అది ఇమడదు.

ఒక ఉచ్చు గురించి జాగ్రత్త. మ్యాట్‌ల్యాబ్ 7.3 రకం ఫైళ్లు లోపల హెచ్‌డీఎఫ్5 రూపమే, కానీ మ్యాట్‌ల్యాబ్ నిలువు వరుసలను ముందు రాస్తుంది, పైథాన్ అడ్డ వరుసలను ముందు చదువుతుంది. కాబట్టి మీరు "పంపేవి, వినేవి, కాలం" అని దాచిన పట్టిక అవతలివాళ్లకు "కాలం, వినేవి, పంపేవి" అని తెరుచుకుంటుంది. పంపేవీ వినేవీ ఒకే సంఖ్యలో ఉంటే ఆ రెండూ తారుమారయ్యాయని ఎవరికీ తెలియను కూడా తెలియదు. ప్రతి అక్షానికి పేరు రాసిపెట్టండి. అంకెలన్నీ ఎస్‌ఐ ప్రమాణాల్లో ఉంచండి, మీటర్లు, సెకన్లు, హెర్ట్జ్. ఒకచోట మిల్లీమీటర్లు, ఇంకోచోట మీటర్లు అనే గందరగోళం వద్దు. ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో సరిచూసుకునే సంకేతం) జత చేయండి, పెద్ద ఫైళ్లు దిగేటప్పుడు మధ్యలో తెగిపోవడం మామూలే.

ఐదో అడుగు: గుర్తింపులు తీసేయడం

రా సిగ్నళ్లలో పేరు ఉండదు కదా అని నిశ్చింతగా ఉండకండి. ఫైలు పేర్లలో తేదీ, స్కాన్ చేసిన వేళ, యంత్రం సీరియల్ నంబర్, హెడర్‌లో ఆపరేటర్ టైప్ చేసిన మాటలు, ఫోల్డర్ దారిలో ఎవరిదో యూజర్ పేరు, ఇవన్నీ అలాగే వెళ్లిపోతుంటాయి. అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే హిపా నిబంధనల్లోని ఒక పద్ధతి తీసేయాల్సిన 18 రకాల గుర్తింపుల జాబితా ఇస్తుంది, సంవత్సరం తప్ప తేదీ వివరాలన్నీ అందులో ఉన్నాయి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది: పేరు బదులు కోడ్ పెట్టి, ఆ కోడ్ ఎవరిదో తెలిపే తాళంచెవి ఎక్కడో దాచి ఉంచితే అది ఇంకా వ్యక్తిగత డేటానే. మీకు ఏ చట్టం వర్తిస్తుందో మీ సంస్థలో ఆ పని చూసేవాళ్లను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

అరుదైన రోగ నిర్ధారణ, వయసు, ఆసుపత్రి పేరు మూడూ కలిపితే మనిషి దొరికిపోవచ్చు. వయసును ఐదేళ్లో పదేళ్లో గుంపులుగా ఇవ్వండి. తల స్కాన్‌లు చేసేవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. ముఖం భాగం స్కాన్‌లో పడితే బొమ్మలో దాన్ని చెరపగలం గానీ రా సిగ్నళ్లలో ఏ ముక్క ముఖం నుంచి వచ్చిందో వేరు చేసి తీయలేం. అలాంటప్పుడు అందరికీ తెరిచి పెట్టకుండా, ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లకే ఇవ్వడం సరైన పని. తెరిచి పెట్టడం అంటే నాకెంత ఇష్టమైనా, నమ్మి స్కాన్‌కు ఒప్పుకున్న ఆ మనిషి కన్నా అది ఎక్కువ కాదు.

ఆరో అడుగు: డేటాతో పాటు నడిచే కోడ్

రెండు స్క్రిప్టులు చాలు. ఒకటి ఫైలు తెరిచి ఒక సిగ్నల్‌ను గీసి చూపించేది, ఇరవై లైన్లు దాటకూడదు. రెండోది మొదటి నుంచి చివరిదాకా నడిచి ఒక బొమ్మ ఇచ్చేది. అది మీ అత్యుత్తమ పద్ధతి కానక్కర్లేదు, నిజానికి మామూలు ప్రయాణ కాలాల పద్ధతి అయితేనే మేలు, ఎందుకంటే అందరికీ అర్థమవుతుంది, తొందరగా నడుస్తుంది. మీ పేటెంట్ కోడ్ ఇవ్వాలనే ఒత్తిడి కూడా ఉండదు. లైబ్రరీల వెర్షన్లు ఒక ఫైలులో రాయండి.

సిమ్యులేషన్ డేటా ఇచ్చేవాళ్లకు మంచి పునాదులు ఇప్పటికే ఉన్నాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో బ్రాడ్లీ ట్రీబీ, బెన్ కాక్స్ మొదలుపెట్టిన, ధ్వని తరంగాలను సిమ్యులేట్ చేసే కే-వేవ్ టూల్‌బాక్స్ మీద 2010లో పేపర్ వచ్చింది, ఈ రంగంలో దాన్ని వాడనివాళ్లు తక్కువ. ఇంపీరియల్ కాలేజ్ వాళ్ల స్ట్రైడ్ సాఫ్ట్‌వేర్ ఫుల్ వేవ్‌ఫార్మ్ ఇన్వర్షన్‌కు పనికొస్తుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ అనస్టాసియో బృందం, రొమ్ము స్కాన్ ప్రయోగాలను కంప్యూటర్‌లోనే చేసే ఎఫ్‌డీఏ వాళ్ల విక్టర్ ప్రాజెక్టు పనిముట్ల మీద కట్టి, ధ్వని లక్షణాలతో సహా త్రీడీ రొమ్ము నమూనాలను 2022లో ప్రచురించింది. వాటిని వాడితే మీ ఫలితాలను ఇతరులతో నేరుగా పోల్చవచ్చు.

ఒక్క మాట మాత్రం తప్పకుండా రాయండి: డేటా ఏ సాల్వర్‌తో (తరంగాల లెక్క చేసే ప్రోగ్రామ్‌తో), ఎంత గ్రిడ్‌తో (లెక్క కోసం వేసిన గళ్లతో) పుట్టించారు అని. డేటా పుట్టించిన సాల్వర్‌తోనే, అదే గ్రిడ్ మీద తిరిగి బొమ్మ వేస్తే ఏ పద్ధతైనా అద్భుతంగా కనిపిస్తుంది, దీన్ని ఇన్వర్స్ క్రైమ్ అంటారు. మీరు ఆ వివరం ఇవ్వకపోతే అవతలివాళ్లు తెలియకుండానే ఆ తప్పు చేస్తారు.

ఏడో అడుగు: లైసెన్స్

లైసెన్స్ లేని డేటా "ఎలాగైనా వాడుకోండి" అన్నట్టు కాదు, చాలా సంస్థల న్యాయ విభాగాలు దాన్ని ముట్టుకోనివ్వవు. ఫాంటమ్, సిమ్యులేషన్ డేటాకు క్రియేటివ్ కామన్స్ వాళ్ల సీసీ బై 4.0 పెట్టండి, మీ పేరు చెప్పాలన్న ఒక్క షరతుతో ఎవరైనా వాడుకోవచ్చు. కోడ్‌కు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పెట్టకండి, దానికి ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లాంటివి ఉన్నాయి. వ్యాపారానికి వాడరాదు అనే షరతు పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నేను వద్దంటాను. ఈ యంత్రాలు రోగుల దాకా చేరేది కంపెనీల ద్వారానే, వాళ్లు పరీక్షించుకోలేని డేటా సగం దారిలో ఆగిపోయినట్టే. ఒకసారి ఇచ్చిన సీసీ లైసెన్స్‌ను వెనక్కి తీసుకోలేరు కాబట్టి సహ రచయితలందరి ఒప్పుదల ముందే తీసుకోండి. రోగుల డేటాకు ఈ లైసెన్సులు కాకుండా, తిరిగి గుర్తించే ప్రయత్నం చేయబోమన్న మాటతో డేటా వాడక ఒప్పందం కావాలి.

ఎనిమిదో అడుగు: ఎక్కడ పెట్టాలి

ల్యాబ్ వెబ్‌సైట్ మీద పెట్టకండి. విద్యార్థి చదువు అయిపోయి వెళ్లిపోతే సర్వర్ ఆగిపోతుంది. 2013లో సెర్న్ సాయంతో మొదలైన జెనోడో అనే రిపాజిటరీ (డేటా భద్రపరిచే చోటు) ఉచితం, ఒక రికార్డుకు మామూలుగా 50 జీబీ దాకా తీసుకుంటుంది, ప్రతి వెర్షన్‌కూ విడి డీఓఐ (ఎప్పటికీ మారని గుర్తింపు సంఖ్య), అన్ని వెర్షన్లకూ కలిపి ఇంకో డీఓఐ ఇస్తుంది. హార్వర్డ్ డేటావర్స్ లాంటివీ ఉన్నాయి, మీ విశ్వవిద్యాలయానికి సొంత రిపాజిటరీ ఉంటే అదీ మంచిదే. కోడ్ గిట్‌హబ్‌లో ఉండొచ్చు గానీ పెద్ద డేటా అక్కడ ఇమడదు. 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాలు చెప్పేది ఇదే: వెతికితే దొరకాలి, దించుకోగలగాలి, ఇతర డేటాతో కలిసి పనిచేయాలి, మళ్లీ వాడుకోగలగాలి. రికార్డు వివరణలో ఆ యంత్రం రకం, శరీర భాగం, పౌనఃపున్యం మాటలు పెట్టకపోతే వెతికినా ఎవరికీ దొరకదు.

తొమ్మిదో అడుగు: కొత్త మనిషి పరీక్ష

అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు, ఈ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒకరికి మొత్తం ఫోల్డర్ ఇవ్వండి. పక్క ల్యాబ్ విద్యార్థి అయితే బాగుంటుంది. రెండు రోజులు టైమ్ ఇవ్వండి. మీరు పక్కన కూర్చోకండి, నోరు మెదపకండి. వాళ్లు అడగాలనుకున్న ప్రతి ప్రశ్నా కాగితం మీద రాసుకోమనండి. ఆ కాగితమే డేటాతో పాటు ఇచ్చే వివరణ ఫైలులో, అంటే మీ రీడ్‌మీలో ఉన్న లోపాల జాబితా. మేం మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు పదిహేడు ప్రశ్నలు వచ్చాయి, వాటిలో మూడింటికి మా దగ్గరే జవాబు లేదు. ఆ మూడింటి కోసం ఫాంటమ్ స్కాన్ మళ్లీ తీశాం.

పదో అడుగు: కలిసి పనిచేయడం

డేటా ఇచ్చాక మెయిళ్లు వస్తాయి, వాటిలో కొన్ని మంచి స్నేహాలవుతాయి. అయితే స్నేహంలో కూడా కొన్ని మాటలు ముందే రాసుకోవాలి. ఎవరు ఏ పని చేస్తారు, పేపర్‌లో ఎవరి పేరు వస్తుంది, డేటా సేకరించిన టెక్నీషియన్‌కు గుర్తింపు ఎలా ఇస్తాం అని. పేపర్‌కు ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ (CRediT) పద్ధతిలో 14 రకాల పాత్రలున్నాయి, డేటాను చక్కదిద్ది నిర్వహించడం వాటిలో ఒకటి, దాన్ని వాడండి. డేటా వాడుకున్న ప్రతివాళ్లూ మిమ్మల్ని సహ రచయితగా పెట్టాలని మాత్రం అడగకండి. డీఓఐని ఉటంకిస్తే చాలు. తెరిచి పెట్టానంటూనే పేరు కోసం పట్టుబడితే జనం మీ డేటాకు దూరంగా ఉంటారు.

రెండు యంత్రాలున్న బృందాలు కలిస్తే చేయాల్సిన మొదటి పని ఒకే ఫాంటమ్‌ను రెండు చోట్లా స్కాన్ చేయడం. పార్సిల్‌లో పంపండి, ఉష్ణోగ్రతకు లక్షణాలు పెద్దగా మారని పదార్థంతో చేసింది అయితే మంచిది, వెళ్లే ముందు, వచ్చాక రెండుసార్లూ కొలవండి. రెండు యంత్రాలూ ఒకే వస్తువుకు వేరే వేరే ధ్వని వేగం చెప్తే, అప్పుడు మొదలవుతుంది అసలైన పరిశోధన.

డేటా ఛాలెంజ్ పెట్టాలనుకుంటే పరీక్ష డేటాకు సమాధానాలు మీ దగ్గరే ఉంచుకోండి, అంచనా వేసే కోడ్ మాత్రం మొదటి రోజే అందరికీ ఇవ్వండి. రోగుల డేటాను శిక్షణకు, పరీక్షకు విడదీసేటప్పుడు స్లైసుల లెక్కన విడదీయకండి. ఒకే మనిషి పక్క పక్క స్లైసులు రెండు వైపులా పడితే మెషిన్ లెర్నింగ్ మోడల్ ఆ మనిషిని బట్టీ పట్టేస్తుంది, మార్కులు అబద్ధమవుతాయి. మనిషి లెక్కన విడదీయండి. ఒకే ఒక అంకెతో విజేతను తేల్చకండి, ధ్వని వేగంలో తప్పు, కణితి అంచులు ఎంత స్పష్టంగా ఉన్నాయి, ఎంత సేపు పట్టింది అన్నీ చూపించండి.

పదకొండో అడుగు: విడుదల తర్వాత

తప్పులు బయటపడతాయి. పడినప్పుడు పాత ఫైలును చప్పుడు లేకుండా మార్చేయకండి, అప్పటికే దాని మీద ఎవరో పేపర్ రాసి ఉంటారు. కొత్త వెర్షన్ పెట్టి, ఏం మారిందో తేదీతో సహా మార్పుల ఫైలులో రాయండి, పాతది అలాగే ఉంచండి. ప్రశ్నలు సొంత మెయిల్‌కు కాకుండా గిట్‌హబ్‌లో అడగమనండి, ఒకరికిచ్చిన జవాబు తర్వాతి పదిమందికి కనిపిస్తుంది. ఒకే ప్రశ్న రెండోసారి వచ్చిందంటే రీడ్‌మీ మార్చాలి. మీరు ల్యాబ్ మారితే ఆ రికార్డు బాధ్యత ఇంకొకరి పేరు మీదికి మార్చి వెళ్లండి.

మా మొదటి డేటాసెట్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ తొట్టి అడుగున ఉందని రాశాం, రింగ్ మాత్రం పైన కదిలేది. విడుదలైన కొన్ని నెలలకు ఒక విద్యార్థిని, పై స్లైసుల్లో నీటి వేగం లెక్కకు సరిపోవడం లేదని, తన గ్రాఫ్‌తో సహా రాసింది. మేం తొట్టిలో మూడు ఎత్తుల్లో మళ్లీ కొలిచాం. ఆమె చెప్పింది నిజమే, పైన నీళ్లు కొంచెం వెచ్చగా ఉన్నాయి. 1.1 వెర్షన్‌లో ప్రతి స్లైస్‌కూ విడిగా ఉష్ణోగ్రత ఉంది, మార్పుల ఫైలులో ఆమె అనుమతితో ఆమె పేరు ఉంది.